పోయేటప్పుడు వెలిగే దీపం

మా వానుకి వాన పడదు. నాకు వంకాయ పడనట్టే దానికి వాన పడదు. తొలకరి చినుకు రాలిందంటే చాలు, స్టీరింగు వెనకాల మీటర్ల అద్దంలో పసుప్పచ్చటి ఇంజను బొమ్మ వెలుగుతుంది. ఒక పావుగంట వెలిగి, ఏమీ ఎరగనట్టు ఆరిపోతుంది. వెలిగినంతసేపూ ఇంజను బలం సగానికి సగం పడిపోతుంది. సైకిళ్ల వాళ్లు నన్ను దాటుకుంటూ పోయి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తారు. లైటే కదా అని లైట్ తీసుకుందామంటే, మెరక రాగానే బండి నిలబడిపోతుంది.

నా పేరు గవర్రాజు. అనకాపల్లి పేరు, బస్తర్ పెంపకం. మా నాన్న బచేలి గనిలో ఇనుము తవ్వారు. ఆ ఉద్యోగం నాకు అందలేదు కనుక నేను ఇనుము తోలుకుంటున్నాను. ఆవపల్లిలో కాపురం. ఇక్కడ సంత జరిగే రోజున పొద్దున్నే తర్రెం వైపు పోయి, అక్కడి ఊళ్ల వాళ్లని చింతపండు గంపలతో, ఇప్పపువ్వు మూటలతో, కాళ్లు కట్టిన కోళ్లతో సహా ఎక్కించుకొస్తాను. సాయంత్రం మళ్లీ దింపొస్తాను. కోళ్లు మాత్రం తిరిగి రావు.

ఆ గురువారం భీమక్క మా గుమ్మం ముందు నిలబడింది. తర్రెం అవతల ఊరు ఆమెది, దొర్ల తెగ మనిషి. పదకొండేళ్ల కిందట వాగు ఇసకలో కూరుకుపోయిన నా బండిని మొట్టమొదట తోసింది ఆమే.

"అన్నా, మా నందే కడుపుల పిల్ల అడ్డంగ ఉన్నదంట. సోమారం బీజాపూర్ల కోసి తీస్తరంట."

నందే ఆమె కూతురు. గౌను వేసుకున్నప్పట్నుంచీ నా బండిలో సంతకొచ్చిన పిల్ల.

"ఆంబులెన్సుకి నేను ఫోన్ చేస్తాను, భయపడకు అక్కా."

"దాంట్ల ఎక్కదన్నా. వాళ్ల చిన్నమ్మ దాంట్లనే పోయింది, మళ్ల రాలే. నీ బండైతే ఎక్కుతనంటది. నీ బండ్ల పోయినోళ్లు అందరు తిరిగొచ్చిన్రంట."

"తిరిగొచ్చారు, సగం దూరం తోసుకుంటూ!" అని గట్టిగా నవ్వేశాను. భీమక్క నవ్వలేదు. నా నవ్వు దారి మధ్యలోనే ఆగిపోయింది, అచ్చం నా బండిలాగే.

"నీ బండి లేదంటే అది ఇంట్లనే ఉంటనంటది," అందామె.

వస్తానన్నాను. ఆమె వెళ్లాక మా ఆవిడ జయ వంటింట్లోంచి వచ్చి, "సోమారం వానొస్తే ఏటి చేస్తారు?" అంది. వానొస్తే వాను రాదు. ఈ మాట నేనే వందసార్లు అని నవ్వించాను. ఆ రోజు నాకే నవ్వు రాలేదు.

బాగుచేయించలేదా అంటే, కిందటేడు చేయించాను. జగదల్‌పూర్‌లో పెద్ద షెడ్డుకి తీసుకుపోయాను. పోయే ముందు బండిని కడిగి, లోపలున్న సామానంతా దించేసి, పెళ్లిచూపులకి తయారుచేసినట్టు తయారుచేశాను. వాళ్లు కంప్యూటరు తగిలించి చూసి, సెన్సర్ పోయిందని చెప్పి కొత్తది వేశారు. వారం తిరక్కుండా లైటు మళ్లీ వెలిగింది. అప్పుడు నేనన్న మాటలకి సెన్సారు కావాల్సొచ్చింది.

శుక్రవారం పొద్దున్న సన్నగా ముసురు. జయని వెంటబెట్టుకుని ఉప్పలయ్య షెడ్డుకి పోయాను. జయ ఎందుకంటే, బండి ఆగితే తోయడానికి. ఉప్పలయ్యది చర్ల వైపు. మెకానిక్కులందరూ ముందు బండి తెరుస్తారు, ఈయన ముందు మనిషి నోరు తెరిపిస్తాడు. బోర్లించిన డబ్బా మీద కూచోబెట్టి, రోగిని అడిగినట్టు అడుగుతాడు. నా నోరు తెరిపించడం పెద్ద పని కాదు. మూయించడానికే ఆయన కష్టపడ్డాడు.

"కథలొద్దు రాజన్నా. లైటు ఎప్పుడు పడ్తది, ఎప్పుడు పడది? గది చెప్పు చాలు."

"వానాకాలంలో పడుతుంది. సంత రోజు పడుతుంది. మామూలు రోజుల్లో పడదు."

"సంత రోజు పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?"

ఆలోచించాను. పదకొండు మందిని, వాళ్లు సంతలో కొన్న సామానుని కుక్కి దింపినప్పుడు కూడా సాయంత్రాలు లైటు వెలిగిన గుర్తు లేదు. "పొద్దున్న పోయేటప్పుడే," అన్నాను.

"జగదల్‌పూర్ల?"

"అక్కడ వెలగలేదు. రెండు రోజులు వాళ్ల దగ్గర ఉంచితే బుద్ధిగా కూచుంది. నా పరువు తీసింది."

ఉప్పలయ్య చెయ్యి తుడుచుకుంటూ లేచాడు. "అయితే పోయేటప్పుడు బండ్ల ఉండి, వచ్చేటప్పుడు లేనిదేంది? జగదల్‌పూర్ల కూడ లేనిదేంది?"

"మా ఆవిడ," అన్నాను.

"ఇవాళ తప్పితే నేను మీ బండెక్కి ఏడాదైందండీ బాబూ! వంక నా మీద పెడతారేటి?" అంది జయ. అయినా ఉప్పలయ్య ఆమెని ఎడమ పక్క సీట్లో కూచోబెట్టాడు. ఇంజను ఆన్ చేసి, కింద పరిచిన చాపని కాళ్లతో తొక్కమన్నాడు. జయ నా మీద కోపమంతా ఆ చాప మీద చూపించింది. లైటు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది.

ఉప్పలయ్య కళ్లు చిన్నవయ్యాయి. "ఆడ, కాళ్ల కాడ, ఎప్పుడు ఏం పెడ్తవ్?"

అప్పుడు చెప్పాల్సొచ్చింది. ఆ వాగులో నా బండి కూరుకుపోయినప్పుడల్లా ఒడ్డున ఉన్నవాళ్లంతా దిగి తోస్తారు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంటారు. మొదటిసారి భీమక్క తోసినప్పుడు బండిలో ఇంటికి కొన్న ఉప్పు ఉంది. ఒక దోసెడు ఆమె కొంగులో పోశాను. కాదనలేదు. అప్పట్నుంచి సంత రోజు పొద్దున్నే గోనెసంచి నిండా రాళ్ల ఉప్పు పోసుకుని, ఎడమ సీటు ముందు పెట్టుకుని బయల్దేరతాను. తోసినవాళ్లకి తలా ఒక దోసెడు. సాయంత్రానికి సంచి ఖాళీ. జగదల్‌పూర్ పోయినప్పుడు మాత్రం, ఉప్పు సంచితో పోతే మోటుగా ఉంటుందని ఇంట్లో దించేశాను. అంటే, నేరస్థుణ్ణి ఇంట్లో దాచి, పోలీసుల్ని బండి వెతకమన్నానన్న మాట.

"సంచి తే," అన్నాడు ఉప్పలయ్య.

వచ్చే సంతకని నింపి ఉంచిన సంచిని ఇంటికి పరుగెత్తి తెచ్చాను. ముసురుకి చెమటపట్టి సంచి అడుగు తడిగా ఉంది. ఇంజను నడుస్తుండగా దాన్ని దాని చోట పెట్టాం. ఒక నిమిషం. రెండు నిమిషాలు. బీడీ ముట్టించబోతున్న ఉప్పలయ్య చెయ్యి ఆగింది. పసుప్పచ్చటి ఇంజను బొమ్మ వెలిగింది. సంచి ఎత్తాడు, ఆరింది. పెట్టాడు, వెలిగింది. బడి పిల్లలకి చూపించినట్టు నాకు మూడుసార్లు చూపించాడు.

చాప ఎత్తితే కింద ఇంజనులోకి పోయే వైర్ల కట్ట. మధ్యలో రెండు కట్టలని కలిపే ప్లాస్టిక్ కప్లర్. పదకొండు వానాకాలాల ఉప్పునీళ్లు ఒక్కో చుక్కా దాంట్లోకి దిగాయి. ఊడదీస్తే లోపల పచ్చటి చిలుం, పిండిలా రాలింది. కరెంటు అందించే సూదుల్లో ఒకటి సగం లేనే లేదు.

"గిది ఎర్త్ వైరు. సంచి బరువుకి, తడికి అతుకు వదులైతాంది. సెన్సర్లకి ఏం తెల్వక తప్పు తప్పు చెప్తున్నయ్. పాపం, వాటి తప్పు లేదు."

పదకొండేళ్లుగా నా బండికి ఎర్త్ పెట్టింది నేనే! అదీ కృతజ్ఞతతో, దోసిళ్లతో. ఉప్పుకి తుప్పుకి మధ్య దూరం ఒక చాప మందమేనని ఎవరికి తెలుసు?

ఉప్పలయ్య వైరుని కోశాడు. లోపలి రాగి నల్లగా ఉంది. ఇంకో వేలెడు కోశాడు. నలుపే. జానెడు పోయాక గానీ కొత్త పెళ్లికొడుకు ఉంగరంలా మెరిసే రాగి కనబడలేదు. "మెరిసేదాంక కొయ్యాలె. నల్లదానికి అతికిస్తె మళ్ల నా కాడికే వస్తవ్. నీ ముచ్చట్లు మళ్ల వినాలె నేను." కొత్త వైరు అతికి, టంకం వేసి, గొట్టం తొడిగి, కొత్త కప్లర్‌కి గ్రీజు పూసి, దాన్ని నేలమీంచి ఎత్తి సీటు కింద పైకి కట్టాడు. ఆ చేతుల్ని చూస్తూ నేను అరగంట మాట్లాడలేదు. జయ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది.

సోమవారం తెల్లారేసరికి వాన. చిన్నాచితకా కాదు, డప్పు కొట్టినట్టు వాన.

నందేని వెనక సీట్లో పడుకోబెట్టి, తల భీమక్క ఒళ్లో పెట్టించాను. నా కళ్లు రోడ్డు మీద ఒక్క క్షణం, ఆ మీటర్ల అద్దం మీద రెండు క్షణాలు. చీకటిగా ఉంది అద్దం. అంత అందమైన చీకటి నేనెప్పుడూ చూడలేదు.

"మామా," అంది వెనకనుంచి నందే, నొప్పిని పళ్ల మధ్య నొక్కిపెట్టి, "రోడ్డు చూడు మామా."

వాగు దగ్గర ఆకు గొడుగులు నెత్తిన పెట్టుకుని ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. కబురు ముందే పోయింది, తోయడానికి వచ్చారు. బండి నీళ్లలోకి దిగింది. ఇసకలో ఒకసారి మూలిగింది. నేను యాక్సిలరేటరు గట్టిగా తొక్కాను. బండి మూలుగు మింగేసి, అవతలి ఒడ్డెక్కి, ఆగకుండా పోయింది. తోయడానికి ఏమీ దొరకని వాళ్లు కేకలేస్తూ కొంతదూరం పక్కన పరుగెత్తారు. బీజాపూర్ ఆసుపత్రి గేటు దాకా పసుపు దీపం వెలగలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల. లోపలనుంచి ఏడుపు వినబడితే, మా ఇంజను మొదటిసారి స్టార్టయినప్పటి శబ్దంలా ఉందన్నాను. నర్సమ్మ నన్ను బయటికి పొమ్మంది.

వారం తర్వాత తల్లీపిల్లల్ని నేనే ఇంటికి దింపాను. ఉప్పలయ్యకి జయ ఆవకాయ పంపింది. ఉప్పెక్కువైందన్నాడాయన. ఉప్పు విషయంలో ఆయన మాటకి ఇక తిరుగులేదు.

భీమక్క కోసం, గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉప్పు తీసుకెళ్లాను. జరిగిందంతా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక చూరు కిందికి తీసుకుపోయింది. వరసగా ఐదు కుండలు. ఒక్కోదాని మూతా తీసింది. అన్నిట్లోనూ ఉప్పే.

"ఎంతని తింటం అన్నా? ఎద్దులకి నాకబెట్టినం, చుట్టాలకి పంచినం. అయినా ఒడుస్తలే."

"మరి వద్దని చెప్పొచ్చు కదక్కా, పదకొండేళ్లు!"

"ఎట్ల చెప్తం? దోసిలి పట్టుకొని నిలబడ్తవ్. తీసుకుంటె నీ మొఖం గట్ల వెలుగుతది."

"మరెందుకు తోసేవారు?"

"తొయ్యకపోతె సంతకెట్ల పోతం?" అంది, ఇంత తెలివితక్కువ మనిషిని ఎప్పుడూ చూడనట్టు.

నవ్వాను. ఈసారి నవ్వు ఆగలేదు. పాపని ఎత్తుకున్న నందే కూడా కుట్లు పట్టుకుని నవ్వింది. అంతలో భీమక్క కుండలోంచి రెండు చేతులా ఉప్పు తీసి, నా డబ్బా మూత తెరిచి, నిండుగా ఉన్నదాని మీదే ఇంకో దోసెడు పోసి, డబ్బా తిరిగి నా చేతికే ఇచ్చింది.

"మా పిల్లని తిరిగి తెచ్చినవ్ గద. పట్టు."

ఆమె మొహం చూశాను. వద్దనడం నా వల్ల కాలేదు.

ఇంటికొచ్చేసరికి జయ గుమ్మంలో ఉంది. "ఉప్పు ఇచ్చి రమ్మంటే, ఇంకాస్త తెచ్చారేటండీ?"

"మూత గట్టిగా బిగించి," అన్నాను, "వెనక సీటు మీద పెట్టి మరీ తెచ్చాను."