నేరం నా పోపు మీద

నాకు అన్నిటికంటే పెద్ద భయం, సిరి ఊపిరి ఆగిపోతుందేమోనని. పాప నిద్రలో ఛాతీ లేస్తుందో లేదో చూస్తూ కూర్చునే తల్లిని నేను.

చలికాలం మొదట్లో సిరికి పిల్లికూతలు వచ్చాయి. డాక్టరమ్మ ఇంట్లో పొగ అనేదే ఉండకూడదంది. ఆ వారమే మా ఆయన అభినయ్ గాలిని శుభ్రం చేసే మిషన్ తెచ్చి పడకగదిలో పెట్టాడు. గాలి బాగుంటే నీలం లైటు, పాడైతే ఎరుపు. దాని యాప్ మాత్రం ఆయన ఫోన్‌లోనే. నా ఫోన్‌లోనూ వేయమన్నాను.

"అంత ఇంగ్లీషే ఉంటది. నీకెందుకు పరేషాన్?" అన్నాడు.

టెన్త్‌తో చదువు ఆగినదాన్ని. ఊరుకున్నాను.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఫోన్ చూపించేవాడు. నీలం గీతల మధ్య ఒక ఎర్ర గీత నిటారుగా నిలబడి ఉండేది.

"ఇదేందండీ, మళ్ళీ వచ్చింది?"

"నీ పోపే. గా ఎండుమిర్చి, గా ఆవాలు."

పోపు మానేశాను. పప్పు ఉడకబెట్టి ఉప్పేసి దించేసేదాన్ని. మా అత్తమ్మ కొమురమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదేం కూరనే పిల్లా, దవాఖాన తిండి లెక్కున్నది" అని నవ్వేది. పాప పుట్టగానే చూసుకోవడానికని కరీంనగర్ నుంచి వచ్చిందామె. అయినా ఎర్ర గీత పోలేదు, సిరి కూతలూ పోలేదు. తప్పు నా చేతిలోనే ఎక్కడో ఉందని ఒంటికి రాసుకునే నూనె కూడా మార్చాను. పాప తల వాసన చూస్తే మాత్రం మా అమ్మ గుర్తొచ్చేది. ఎందుకో ఆలోచించలేదు.

న్యూజీలాండ్‌లో మేముండే రోటోటూనాలో కారు నడపడం రాకపోతే ఎక్కడికీ కదలలేం. అందుకని పాపను అత్తమ్మకు అప్పగించి రోజూ పొద్దున డ్రైవింగ్ క్లాసుకు వెళ్ళేదాన్ని. ఒకరోజు నేర్పించే ఆయన జ్వరమని సగం దారిలోనే కారు వెనక్కి తిప్పించి నన్ను ఇంటి దగ్గర దింపేశాడు.

పడకగది తలుపు తీస్తే ఎదుట తెల్లటి పొగ. మంచం మీద బోర్లా సిరి, తడి జుట్టు. పక్కన ఇనుప గరిటెలో సాంబ్రాణి. మిషన్ ఎర్రగా వెలుగుతూ గట్టిగా రొద చేస్తోంది.

పాపను ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. అత్తమ్మ వెనకాలే వచ్చింది.

"ఏమైతదే? తలకు పోసినంక పొగ పట్టకుంటే పిల్లకు పడిశం పడ్తది. నీ మొగడు గీ పొగలనే పెరిగిండు."

"డాక్టరమ్మ వద్దన్నది కదా అత్తమ్మా!"

"డాక్టరమ్మ కన్నదా, పెంచిందా?"

నేను వచ్చేలోగా రోజూ కిటికీ తెరిచేదట. మిగిలిన వాసనను మిషనే లాగేసేది.

కిటికీలు తెరుద్దామని మళ్ళీ లోపలికి వెళ్ళాను. అప్పుడు తట్టింది, ఇక్కడ ప్రతి ఇంటికీ ఉండే పొగ అలారం ఇంత పొగకూ ఎందుకు కూయలేదని. తలెత్తాను. పైకప్పుకున్న ఆ అలారానికి, స్నానమప్పుడు జుట్టు తడవకుండా నేను పెట్టుకునే షవర్ క్యాప్ తొడిగి, చుట్టూ టేపు వేసి ఉంది. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులతో పీట కూడా ఎక్కలేదు. నాకైతే కుర్చీ వేసుకున్నా అందదు. ఆ ఇంట్లో అంత పొడుగు మనిషి ఒక్కడే.

సాయంత్రం క్యాప్ ఆయన చేతిలో పెట్టాను.

"అమ్మ మనసు కష్టపెట్టలేక. మిషన్ ఉన్నది కదా, పొగంత గుంజేస్తది అనుకున్న."

"నా పోపు అని ఎందుకు చెప్పిండ్రు?"

"నువ్వైతే ఏమనుకోవని."

ఆ మిషన్ నా బిడ్డ కోసం కొన్నాడని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. వాళ్ళమ్మ సాంబ్రాణి ఆగకుండా ఉండటానికి కొన్నాడు. నేను చప్పిడి కూర తింటుంటే ఎదురుగా కూర్చుని తిన్నాడు, ఒక్కరోజూ నోరు తెరవలేదు.

సిరి ఇప్పుడు బాగానే ఊపిరి తీస్తోంది. అత్తమ్మ క్రైస్ట్‌చర్చ్‌లో మా ఆడపడుచు అమూల్య దగ్గరికి వెళ్ళిపోయింది. అమూల్యకు ఇంకా నెల నిండని బాబు, రిషి. ఫోన్ చేసి అంతా చెప్పాను.

"మా అమ్మ మీద చాడీలు చెప్తున్నవా వదినా?" అని పెట్టేసింది. మళ్ళీ ఎత్తడం లేదు. మీ చెల్లెలికి మీరైనా చెప్పండంటే మా ఆయన టీవీ సౌండ్ పెంచాడు.

క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న తెలుగువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, బారసాల పేరు చెప్పయినా సరే, ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళి రండి. బాబును ఎత్తుకుని ఊపిరి వినండి. వచ్చేముందు తలెత్తి పైకప్పు కూడా చూడండి.