బరకం కింద ఇల్లు

టపటప... టపటప...

మధ్యాహ్నపు గాలికి ఇంటి మీద కప్పిన నీలం ప్లాస్టిక్ బరకం కొట్టుకుంటోంది.

తుఫానులో రేకులు ఎగిరిపోయి ఆరు నెలలైంది. వానాకాలం దగ్గర పడింది. తవిటమ్మ కూలికెళ్లి పూట గడుపుతోంది.

మొగుడు అప్పలసూరి కువైట్‌లో వెల్డరు. రేకుల కోసం నెలనెలా డబ్బు పంపుతాడు.

డబ్బు వస్తుంది. చేతికి రాదు.

తప్పు తవిటమ్మదే. బ్యాంకు ద్వారానే పంపుతానని అతను మొత్తుకున్నాడు. అక్కడి కూలీల క్యాంపులో ఎవరి చేతికో ఇస్తే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని ఆమే ఆశపడింది. ఆమే పోరు పెట్టింది. ఒక్కసారే అలా పంపాడు...

అతను అక్కడ ఇచ్చినదానికి బదులు ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాడెవడో ఆమె ఖాతాలో డబ్బు వేశాడు. అది ఎవరినో మోసం చేసి లాగిన డబ్బట. ఎక్కడి పోలీసులో ఖాతా ఆపించారు.

ఆమదాలవలస బ్యాంకు మేనేజరు మంచివాడు. తిట్టుకోవడానికీ లేదు.

"ఆ స్టేషన్ నుంచి కాగితం రావాలమ్మా. అప్పటిదాకా జమ అవుతుంది గానీ, తీయడానికి కుదరదు."

ఆ స్టేషన్ ఏ రాష్ట్రంలోనో ఉంది. రెండు ఉత్తరాలు రాయించింది. జవాబు లేదు.

అప్పలసూరికి చెప్పలేదు. వేరే ఖాతాకి పంపమంటే ఎందుకని అడుగుతాడు. పోరు పెట్టిన నోటితో ఏమని చెప్తుంది? సిగ్గు. అంతకు మించి భయం.

అతను మాత్రం ఇప్పుడు పద్ధతిగా పంపుతున్నాడు. నెలకో శుక్రవారం, డబ్బు పంపే ఆఫీసు ముందు ఎండలో వరుసలో నిలబడతాడు. ఫారంలో 'ఇంటి ఖర్చులకు' అన్నచోట టిక్కు పెడతాడు. రసీదు ఫొటో తీసి పంపుతాడు. వెంటనే ఆమె ఫోన్ టింగుమంటుంది — జమ అయింది.

కాలవలో పెట్టిన బుట్టలోకి చేప దూరినట్టు. లోపలికే దారి.

ఈ రోజూ శుక్రవారమే. వీడియో కాల్.

"ఒసే తవిటీ! అందినాదా?"

"అందినాది బావా."

అబద్ధం కాదు. అదే ఆమె గుండెను కోస్తోంది.

"రేకులేయించేసినావు కదేటి? ఓపాలి సూపించు."

వాకిట్లోకి వచ్చింది. ఫోన్‌ను గోడలు కనపడకుండా పైకెత్తి, పక్కింటి జోగయ్య కొత్త రేకుల వైపు తిప్పింది.

ఎర్రగా... ఎండలో మెరుస్తూ...

అప్పలసూరి పసివాడిలా నవ్వాడు. తర్వాత చెవి రిక్కించాడు.

"ఆ సప్పుడేటి?"

"జోగయ్య మావ ఇంటి మీద బరకం, బావా. ఆలకి ఇంకా రేకులు పడనేదు."

అతను నవ్వు ఆపాడు.

"పాపం... వచ్చే నెల ఇంకొంచెం ఎక్కువేస్తాను. ముందు ఆలకి ఇయ్యి."

"అలాగే," అంది.

కొండ మీద మబ్బు దిగుతోంది. గాలి పెరిగింది.

టపటప... టపటప...