ఆరు ఎర్ర గోళీలు

కొత్తవాడలో పూలమ్మ చేతి బెల్లం ముద్దను వద్దన్నవాళ్ళు లేరు. పందొమ్మిది వందల ఎనభై మూడు వానాకాలంలో ఆమె కోడలు అనసూయ మాత్రం ఒక్కసారి మొహం చిట్లించింది. చిట్లించి కూడా తిన్నది. పూలమ్మను ఇప్పటికీ కోసేది ఆ తినడమే.

తల్లి లేని అనసూయకు పురుడు పోసింది అత్తే. ఆడపిల్ల. ఒంట్లో రక్తం లేదని కడుపుతో ఉన్నప్పుడే నర్సమ్మ రోజుకు రెండు ఎర్ర గోళీలు మింగమన్నది. కాన్పయిన వారానికి చలిజ్వరం పట్టుకుంటే దవాఖానలో చేర్చారు. డాక్టరమ్మ ఆ గోళీల పొట్లం చూసి ఆపమన్నది.

"అవి ఇనుము గోళీలు అవ్వా. నేను చెప్పేదాక వద్దు. రక్తంల పురుగులున్నయి. ఇనుము లేకుంటే వాటికి బలం రాదు. మన ఒళ్ళు ఇనుమును దాస్తది. అవేమో నూలుపోగసొంటిది బయటికి వదులుతయి. ఇనుము దానికి చిక్కంగనే లోపలికి గుంజుకుంటయి."

పూలమ్మ కొడుకు వైపు తిరిగి నవ్వింది. "ఇన్నవారా సారంగపాణీ? మన మగ్గాలు సాలయని పురుగులు గూడ నేత మొదలువెట్టినయట!"

"జర ఊకో అమ్మా."

మూడోనాటికి జ్వరం దిగింది. అనసూయ లేచి కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. కానీ పెదవులు తెల్లగా, గోళ్ళు తెల్లగా. ఆ తెలుపును పూలమ్మ చూడలేకపోయింది. ఇంటికి పోయి, ఆపిన మూడు రోజులవీ కలిపి ఆరు గోళీలు నూరి, నువ్వులూ బెల్లంతో దంచి ముద్ద కట్టి తెచ్చింది.

"చేదుగున్నదత్తమ్మా."

"జరమొచ్చిన నోరు బిడ్డా, గట్లనే ఉంటది. తిను."

"నువ్వు చేసినవని తింటాన," అని నవ్వి, వేళ్ళకంటినది కూడా నాకింది అనసూయ.

మర్నాడు ఇంకో ముద్ద. ఆ మర్నాడు ఇంకోటి. నాలుగోనాడు చలి మళ్ళీ వచ్చింది. మంచమే వణికింది. ఈసారి సూదిమందులకు లొంగలేదు. రెండు రోజుల్లో అనసూయ పోయింది.

పూలమ్మ డాక్టరమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ముద్దల సంగతి చెప్పేసింది. "నా కోడలికి గాదు తల్లీ, ఆ పురుగులకు తినవెట్టిన. ఔననన్న అను, కాదనన్న అను."

డాక్టరమ్మ ఆమెను రెక్క పట్టి లేపి బల్ల మీద కూర్చోబెట్టింది. "జ్వరం ఎట్లయినా తిరగబెట్టేదేమో అవ్వా. గోళీలే చేసినయని చెప్పలేను."

కాదని కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చాక సారంగపాణి గడపలో కూర్చుని అడిగాడు. "అమ్మా, పోయేముందు కడుపునిండ ఏమన్న తిన్నదా?"

పూలమ్మ ఒళ్ళో పసిది పాలకు గుక్కపట్టి ఏడుస్తోంది.

"తిన్నది బిడ్డా," అన్నది పూలమ్మ. "నేను పెట్టిందంత తిన్నది."