తెర మీదికి వచ్చిన స్వర్ణలత

రెజిమెంటల్ బజార్‌లో రాజుకు పెళ్లిపత్రికల ప్రెస్సుంది. మిషన్ పని అతనిది, కంప్యూటర్ పని అతని భార్య స్వర్ణలతది. మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఆమె బన్సీలాల్‌పేట్ ఇంట్లో మంచం ఎక్కాక, రాజుకు చెయ్యి విరిగినట్టే ఉంది.

ఆ రోజు రోసమ్మ మళ్లీ వచ్చింది. యాభై దాటిన టీచరమ్మ. నిన్న కూడా నమూనాలు తిరగేసి, "మేడమ్ లేరా?" అని అడిగి వెళ్లిపోయింది. ఈసారి రాజు ఆమెను కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేశాడు.

"నీతోనే చెప్తరట. నాకేం సమజైతలేదు."

"అయితే నేనే వస్తున్న," అంది స్వర్ణలత.

"గా కాలుతోని యాడికొస్తవ్?"

"కంప్యూటర్ లోపల్కి. జెర బ్రౌజర్ తెర్వు. సైటు పేరు, నెంబర్ చెప్త, కొట్టు."

రాజు ఒక్క వేలితో కొట్టాడు. ఈ కంప్యూటర్‌ను స్వర్ణలత దూరం నుంచి నడిపేందుకు అనుమతి ఇస్తావా అని తెర అడిగితే ఇస్తానని నొక్కాడు. బాణం గుర్తు దానంతటదే కదిలేసరికి ఉలిక్కిపడి మౌస్ వదిలేశాడు. అతను చిందరవందర చేసిన ఫైళ్లన్నింటినీ అది గబగబా ఓ మూలకు సర్దేసింది. అచ్చం ఆమే.

"ఇది ఇంకెవరైనా చూస్తారా?" రోసమ్మ భయంగా అడిగింది.

"లేదక్కా," ఫోన్ స్పీకర్‌లోంచి స్వర్ణలత గొంతు పలికింది. "మధ్యల ఎవరి దగ్గరా ఆగదు. నా ల్యాప్‌టాప్ నుంచి సీదా ఆ కంప్యూటర్‌కే."

రోసమ్మ రాజు వైపు చూసింది. "చాయ్ తాగొస్తా," అంటూ అతను బయటికి నడిచాడు.

తిరిగొచ్చేసరికి తెర మీద లేత పసుపు పత్రిక సిద్ధంగా ఉంది. వధువు రోసమ్మ, వరుడు ఐజాక్.

"మా ఆయన పోయి చాలా ఏళ్లయింది తమ్ముడూ. ఐజాక్ గారిదీ నాలాంటి బతుకే," అంది రోసమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలీక."

"ఈ కార్డు చేతుల పెట్టుండ్రి, చాలు," అన్నాడు రాజు. మొదటి కాపీ అప్పటికప్పుడు తీసిచ్చాడు.

ఆమె వెళ్లినా బాణం వెళ్లలేదు. తెర మీద అక్షరాలు పడ్డాయి: "తిన్నవా?"

"తింట. నువ్వు ఇగ పండుకో," వెతుక్కుంటూ కొట్టాడు రాజు.

"ఉంట జెరసేపు. ఇంట్ల ఒక్కదాన్నే బోర్ కొడ్తుంది."

రాజు టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఆ తెర ముందే కూర్చుని తిన్నాడు.

పెళ్లినాడు రోసమ్మ కూతురే బన్సీలాల్‌పేట్ ఇంటికి కారు తీసుకొచ్చి, స్వర్ణలతను చెయ్యి పట్టి మెల్లగా ఎక్కించుకుంది.