దర్జీగారి ఫోన్‌లో కొలతలు

దర్జీగారికి ఇద్దరల్లుళ్లు. పెద్దవాడు ఐఫోన్ తప్ప మరోటి ముట్టడు. చిన్నవాడు ఆండ్రాయిడ్‌ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోడు. మామగారి పాత ఫోన్ తెర సగం నల్లబడిందని తెలిసి, ఆదివారం పొద్దున్నే చెరో కొత్త ఫోన్ పట్టుకుని దుకాణంలో దిగారు.

ఫోన్ పోతే పోయింది, కొలతలు పోతే ఎలా? అదీ దర్జీగారి దిగులు. కొలతల పుస్తకానికి చెదలు పట్టిన ఏడాది ఆయనో తెలివైన పని చేశాడు. ఫోన్‌లో నంబరు రాసే చోట ఒక్కొక్కరి మెడ, ఛాతీ, నడుము, చెయ్యి వరసగా కొట్టించేశాడు. నాలుగొందల మంది! పొరపాటున నొక్కితే బ్యాంకు మేనేజరు నడుముకి ఫోన్ వెళ్తుంది.

“మామయ్యగారూ, ఇందులో అన్నీ భద్రం,” అన్నాడు పెద్దల్లుడు.

“భద్రంగా బీరువాలో దాచుకోడానికా? ఇదైతే మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు,” అన్నాడు చిన్నల్లుడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ముందు కొలతలు ఎక్కించి చూడమన్నాడు దర్జీగారు. రెండింట్లోకీ నాలుగొందలూ దిగాయి. దిగులు తీరింది గాని తగవు తీరలేదు.

ఆ గోల పడలేక ఆయన గుడ్డ పరిచి, సుద్ద పట్టుకుని, అలవాటుగా “బ్యాంకు మేనేజరు?” అని కేకేశాడు. గోడవార గుండీలు కుడుతున్న భార్య, కుడిచేతిలో సూది అలాగే ఉంచి, ఎడమచేత్తో పాత ఫోన్ కోసం తడుముకుంది. అప్పుడు తట్టిందాయనకి. ఏడేళ్లుగా ఫోన్ తనదే గాని, చదివేది ఆవిడ. ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు, తనతో సహా. సిగ్గేసింది.

“నువ్వు చెప్పు, ఏది కావాలి?”

ఆవిడ రెండూ ఎడమచేత్తో పట్టి చూసింది. “పాతదాన్లో వెనక్కెళ్లే గుర్తు కిందుండేది. చూడకుండానే నా బొటనవేలు అక్కడికి పోతుంది. ఇందులోనూ అక్కడే ఉంది,” అని ఆండ్రాయిడ్ ఉంచుకుంది. “ఈ వయసులో వేలికి కొత్త దారి నేర్పలేను బాబూ,” అని ఐఫోన్ పెద్దల్లుడి చేతిలో పెట్టింది.

పెద్దల్లుడు మూతి ముడుచుకుని, అందులో ఎక్కించిన పేర్లు చెరుపుతూ ఆగిపోయాడు. “అత్తయ్యగారూ, ‘ఆయన’ అని ఏడుసార్లుందేం? మొదట నడుము ముప్పైనాలుగు, చివర నలభై!”

“ఏడాదికో చొక్కా కుడతాగా. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కొలుస్తాను. అడిగితే తీరికేదీ?”

అల్లుళ్లిద్దరూ తగవు మరిచి పగలబడి నవ్వారు. దర్జీగారు నవ్వలేదు. “మరి నీ కొలతేదీ?”

“నాదెందుకు?”

ఆయన మెళ్లో టేపు తీశాడు. “చెయ్యి చాపు.”

“అల్లుళ్ల ముందా! చాల్లెండి,” అంటూనే సూది గుడ్డకి గుచ్చేసి చెయ్యి చాపింది.

ఆయన అంకె చెప్పాడు. కొత్త ఆండ్రాయిడ్ అందుకుని కొట్టింది పెద్దల్లుడే. “పేరేం పెట్టమంటారు?”

“‘ఆవిడ’ అని పెట్టు,” అన్నాడు దర్జీగారు. “అందరికంటే పైన.”