శ్యామలమ్మ చేనిలో విమానం

విమానం శ్యామలమ్మ చేనికి ముక్కలుగా వచ్చింది. ముందు లారీలో రెక్కలు, ఆ వెనక పొడవాటి ట్రైలర్ మీద ఒళ్లు, చివరగా తోక. పెనుకొండ దాటి హిందూపురం పోయే దారిలో బస్సులు ఆగిపోయాయి. జనం కిందికి దిగి ఫోన్లు పైకెత్తారు. శ్యామలమ్మ మాత్రం గట్టు మీద నిలబడి, లారీల వెంట స్కూటర్ మీద వచ్చిన మనిషినే చూస్తూ ఉండిపోయింది.

అతని పేరు రాఘవేంద్ర. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టాడు. మగ్గం మీద కూర్చోకుండా చదువుకుని, బెంగళూరులో విమానాలు మరమ్మతు చేసే ఉద్యోగంలో చేరి అక్కడే రిటైరయ్యాడు. తన చేతుల మీదుగా ఏళ్ల తరబడి ఎగిరిన విమానాన్ని తుక్కు కింద కోసేస్తున్నారని తెలిసి, పాత స్నేహితులను కూడగట్టి దాన్ని కొన్నాడు. మళ్లీ అతికించి, రంగులు వేసి, జనం ఎక్కి చూసేలా నిలబెడతానన్నాడు. అందుకు రోడ్డు పక్కనే ఉన్న శ్యామలమ్మ చేనును కౌలుకు అడిగాడు. వానల్లేక వేరుశనగ మాడిపోతున్న చేను. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్న పూటే ఆమెకు అనుమానం కూడా పట్టుకుంది.

భర్త పోయినప్పటి నుంచి సేద్యం ఆమే చూసుకుంటోంది. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక తియ్యటి మాటలు చెప్పి భూములు రాయించుకుపోయిన వాళ్లను కళ్లారా చూసింది. ఎగరని విమానాన్ని చూడటానికి జనం వస్తారని ఈ పెద్దమనిషి చెబితే ఎలా నమ్మడం?

తర్వాత గుంతలు తవ్వారు. చక్రాల కింద కాంక్రీటు దిమ్మెలు పోయాలని కూలీలు మనిషి లోతుకు దిగిపోయారు. పెనుకొండ చుట్టుపక్కల ఎవరు ఎక్కడ గుంత తవ్వినా రాయల కాలం నాటి నిధి కోసమేనని జనం చెప్పుకుంటారు. పక్క చేను ఎల్లమ్మ ఆ మాట పైకే అనేసింది.

"అక్కా, చక్రాలు నిలబెట్టేకి అంత లోతు గుంతలేంటికి? వాళ్లకేదో దొరికిండాది."

"నాకూ అట్లే అనిపిస్తాంది. చూస్తా ఉండు," అంది శ్యామలమ్మ.

ఆమె చూస్తూనే ఉంది. ఒంటికి రెక్కలు బిగించడం చూసింది. వెలిసిపోయిన రంగు గీకేస్తుంటే లోపల తెల్లటి రేకు బయటపడటం చూసింది. అన్నిటికన్నా ఆమె కంట్లో పడింది విమానం వెనక భాగం. సీట్ల వరసలు అయిపోయిన చోట రాఘవేంద్ర ప్లైవుడ్ పలక ఒకటి అడ్డంగా కొట్టించి, దానికి తలుపు పెట్టి తాళం వేశాడు. పనివాళ్లెవరినీ అటు పోనివ్వడు. తాను మాత్రం టార్చి పట్టుకుని ఒక్కడే వెళ్లి, చాలాసేపటికి చెమటలు కక్కుతూ వస్తాడు.

"ఆ వెనకాల ఏముండాదప్పా?" అని ఒకరోజు అడిగేసింది.

"ఏం లేదక్కా. పాత సామాన్లు."

"పాత సామాన్లకు తాళమేంటికి?"

రాఘవేంద్ర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ పక్క పని కాలేదింకా. ఎవరూ పోవద్దని," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

అతని చూపులు కూడా సరిగా లేవని ఆమె గమనించింది. భూముల బ్రోకరు నాగేష్ బండి ఆమె ఇంటి ముందు ఆగినప్పుడల్లా రాఘవేంద్ర చేతిలో పని ఆపి అటే చూస్తాడు. దొంగతనం మనసులో ఉన్నవాడే అలా ఊరికే ఉలిక్కిపడతాడని ఆమె అనుకుంది.

సీట్లకు గుడ్డ కుట్టిస్తున్నారని అతను ధర్మవరం పోయిన రోజు, పనివాళ్లు రెక్క నీడన సద్దులు విప్పుకుంటుండగా, శ్యామలమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, చిన్న గడ్డపార కొంగు కింద దాచుకుని ముందు నిచ్చెన ఎక్కింది.

లోపల ఊపిరాడనంత వేడి. గుడ్డ ఊడదీసిన సీట్లు ఎముకల గూళ్లలా వరసగా ఉన్నాయి. ఆమె తల వంచుకుని వెనకదాకా నడిచి, గడ్డపారతో తాళం కొండీ పెరికేసింది.

పలక అవతల ఖాళీ. చిన్న వంటగది లాంటి అరలు, ఒక కక్కసు గది. పక్కన బయటికి తెరుచుకునే తలుపు ఒకటుంది. దాని పిడికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. తలుపు కింది సగంలో గర్భిణి పొట్టలా ఉబ్బిన పెట్టె కనిపించింది. గుంతల్లో దొరికింది ఇందులోనే దాచాడు! రెండు చేతులా గుంజింది. పెట్టె కదల్లేదు.

అంతలో కింద స్కూటర్ ఆగింది.

"నిచ్చెన ఎవరు ఎక్కినారబ్బా?" అంటున్నాడు రాఘవేంద్ర. వెంటనే మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముందు దారి మూసుకుపోయింది. ఈ తలుపు తెరిస్తే కింద చేనే కదా, ఎట్లాగో దూకెయ్యొచ్చని ఆమె రిబ్బను తెంపి పిడిని పైకి తిప్పి, భుజంతో తలుపును నెట్టింది.

"అక్కా, వద్దు!" అని వెనక నుంచి రాఘవేంద్ర కేక వినబడింది. తలుపు అప్పటికే బయటికి పోతోంది.

పెద్ద బుస్సుమనే శబ్దం. ఉబ్బిన పెట్టె పగిలి, పసుపు రంగు రబ్బరు చాప ఒకటి మెలికలు తిరుగుతూ బయటికి దూసుకుపోయింది. గాలి నిండుతూ నిండుతూ చేనిలోకి జారుడుబల్లలా పరుచుకుంది. తలుపు పట్టుకున్న శ్యామలమ్మ దానితోపాటే తూలి, రబ్బరు మీద పడి, అరుపులతో కిందిదాకా జారి మాడిన వేరుశనగలో కూలబడింది. గడ్డపార ఎక్కడో ఎగిరిపడింది.

సద్దులు వదిలేసి పనివాళ్లు పరుగెత్తారు. రోడ్డు మీద బస్సు ఆగింది. విమానంలో బాంబు పేలిందని ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, పెనుకొండ నుంచి పోలీసు జీపు వచ్చేసింది.

ఎస్సై ఆ పసుపు రబ్బరు చుట్టూ తిరిగి చూసి, "తలుపు తెరిచిందెవరు?" అని అడిగాడు.

శ్యామలమ్మ ఒళ్లంతా దుమ్ము. మోచేయి చీరుకుపోయింది. ఇప్పుడు ఇతను తన పేరే చెబుతాడు, తాళం పగలగొట్టిన సంగతీ చెబుతాడు, ఊరంతా వింటుంది.

"నేనే సార్," అన్నాడు రాఘవేంద్ర. "ప్రమాదమప్పుడు ప్యాసింజర్లు దిగేదానికి ఉంటాదిది. పనిచేస్తాందో లేదో చూస్తాంటి. ఆమె కింద నిలబడి ఉండె, గాలికి పడిపోయింది."

ఎస్సై ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇంకోసారి ఇలాంటి పరీక్షలు చేసేముందు స్టేషన్‌లో చెప్పమని మందలించి వెళ్లిపోయాడు.

జనం పలచబడ్డాక శ్యామలమ్మ అతని దగ్గరికి వచ్చింది. ఆమెకు కృతజ్ఞత కలగలేదు. అనుమానం ఇంకా ముదిరింది.

"నన్నేంటికి కాపాడినావప్పా? నీకేం కావాల?"

"నిన్ను కాపాడలేదక్కా. నన్ను నేను కాపాడుకుంటి." అతను పసుపు రబ్బరు వైపు చూపించాడు. "అన్ని తలుపులకూ ఈ రబ్బరు తీసేసినామని తుక్కోళ్లు చెప్పినారు. ఈ ఒక్కటి మిగిలిపోయింది. లోపల గ్యాస్ సిలిండరు ఉండాది. రబ్బరును గడపకు పట్టి ఉంచే కడ్డీ బిగుసుకుపోయి నాకు ఊడి రాలే. బెంగళూరు నుంచి తెలిసినోడు వస్తాడని కాచుకున్నా. పోలీసులకు తెలిస్తే పని ఆపేస్తారని ఎవరికీ చెప్పలే."

"నా చేనిలో పెట్టుకుని నాక్కూడా చెప్పవా? ఎవురన్నా సచ్చింటే?"

అతను తల దించుకున్నాడు. "తప్పే. నువ్వు నాగేష్‌తో చెబుతావనుకుంటి. విమానం నిలబెట్టినాక చేను అమ్మేసి నన్ను ఎల్లగొడతావని భయం."

"నాగేషా?" శ్యామలమ్మ మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. "వాడు వస్తాడు, కాఫీ తాగుతాడు, పోతాడు. నేను చేను ఇయ్యనని వానికీ తెలుసు."

"మరి ఇంట్లోకి ఏంటికి రానిస్తావు?"

"యాడ ఎవురి భూమి మీద కన్నేసినాడో నాకు తెలియాల కదా!"

రాఘవేంద్రకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. "గుంతలు చూపించు," అంది.

అతను తీసుకుపోయి చూపించాడు. కాంక్రీటు దిమ్మె తట్టి చూసినా ఆమె తృప్తిపడలేదు. మరునాడు తన సేద్యగాడు ఎర్రిస్వామిని పిలిపించి దిమ్మె పక్కన తవ్వించింది. రాఘవేంద్ర అడ్డం చెప్పకుండా పక్కనే కూర్చున్నాడు. గులకరాళ్లు, ఎర్రమన్ను తప్ప ఏమీ రాలేదు.

"దొరికింటే నువ్వు ముందే తీసుకుని ఉంటావులే," అంది శ్యామలమ్మ.

"ఇంక నేనేం చేస్తే నమ్ముతావక్కా?"

"అన్ని తాళాలకూ ఇంకో చెవి నా దగ్గర ఉండాల."

ఆ సాయంత్రమే తాళంచెవులు ఇచ్చాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి తలుపులు ఆమే తెరిచేది. బెంగళూరు మనిషి వచ్చి ఖాళీ సిలిండరు ఊడదీస్తున్నప్పుడు, అది అతని బండి ఎక్కేదాకా పక్కనే నిలబడింది. సీట్లకు నీలం గుడ్డ తొడిగినప్పుడు కుట్లు లాగి చూసింది. రాఘవేంద్ర ఇప్పుడు ఏదైనా పాడైతే ముందు ఆమెకే చెప్పేవాడు. చెప్పకపోతే ఆమె ఎలాగూ కనిపెట్టేస్తుందని అతనికి అర్థమైంది.

విమానం తెరిచిన రోజు హిందూపురం నుంచి, గుడిబండ నుంచి జనం ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చారు. ఎల్లమ్మ ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చింది. శ్యామలమ్మ దిగే మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరి సంచీ తడిమి పంపింది. సీటు బెల్టు కొక్కెం కోసి జేబులో వేసుకున్న పెద్దమనిషి ఒకాయన దొరికిపోయాడు కూడా.

జనం పోయాక ఆమె లోపలికి వచ్చి కిటికీ పక్క సీటులో నడుం వాల్చింది. అన్ని నెలల్లో అందులో కూర్చోవడం అదే మొదలు. రాఘవేంద్ర వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బెల్టు పెట్టుకోక్కా."

"ఇది యాడికీ పోదు కదప్పా, బెల్టేంటికి?"

అతను చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. శ్యామలమ్మ అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, పక్క నుంచి బెల్టు లాక్కుని కొక్కెం టక్కుమనిపించింది.