సగం కంటే తక్కువ

అమ్మ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసి రెండు నెలలైంది. ఆవిడ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. చేసిన చొక్కాల్ని తలకంటే ఎత్తున్న కమ్మీకి తగిలించాలి. సోమవారం దాకా చూస్తాననీ, ఆ తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటాననీ ఓనరు చెప్పేశాడు.

ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. డాక్టరు చెప్పిన క్లాసుకి తీసుకెళ్లాను. చాపల మీద పడుకోబెట్టి, మెల్లగా కదులుతూ ఒంటిని గమనించమనే క్లాసు అది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను గోడకి ఆనుకుని నోట్సు రాసుకున్నాను.

"చెయ్యి ఎంత లేపగలరో అందులో సగం కంటే తక్కువే లేపండి. లోపల ఏమవుతోందో చూడండి," అంది టీచరు.

సగం కంటే తక్కువా! నా చదువంతటిలో ఏ మాస్టారూ ఆ మాట అనలేదు. కొత్తవాళ్లు బెదరకుండా అలా అంటోందేమో అనుకుని, ఇంట్లో పూర్తిగా చేయించాను. పొద్దున ఇరవై సార్లు, సాయంత్రం ఇరవై.

"నొప్పిగా ఉందే, పంతులమ్మా!"

"ఓర్చుకోవాలమ్మా."

"నీకేం, కూర్చుని లెక్కపెట్టేదానివి."

శుక్రవారానికి చెయ్యి భుజం దాకా కూడా రాలేదు. శనివారం క్లాసులో టీచరు అది చూసి, ఏం చేశారని అడిగింది. నోట్సు చూపించి అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. పుస్తకం పక్కన పెట్టి నన్ను పడుకోమంది.

"నడుము చాపకి తగులుతోందా?"

నాకు తెలియలేదు. తగలాలా, తగలకూడదా? సరైన జవాబు కోసం ఆవిడ మొహంలోకి చూశాను.

"మేడం మొహం చూస్తావేంటే, నడుము నీదేగా!" అని అమ్మ పకపకా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లు తెరిచారు.

ఆదివారం అమ్మ నన్ను గదిలోకి రానివ్వలేదు. తలుపు సందులోంచి చూస్తే చెయ్యి కదులుతున్నట్టే లేదు.

"తగ్గిందామ్మా?"

"తగ్గడం కాదే. ఎక్కడ పట్టేస్తోందో తెలుస్తోంది."

"తెలిస్తే ఏం లాభం?"

"ఏమో. కాసేపు మాట్లాడించకు."

సోమవారం ఆఫీసుకి గంట పర్మిషన్ పెట్టి వెంట వెళ్లాను. ఓనరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ ఒక చొక్కా అందుకుని మెల్లగా పైకెత్తింది. భుజం దగ్గర ఆపేసింది.

"ఇక్కడిదాకా నొప్పి లేదు బాబూ. దీని పైకెళ్తే ఉంది. ఆ కమ్మీని ఇక్కడికి దించండి, రోజంతా తగిలిస్తా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"నాకు తెలిస్తేగా చెప్పడానికి!"

ఆయన కమ్మీ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. తల గోక్కుంటూ స్క్రూడ్రైవర్ తేవడానికి వెళ్లాడు.

నయమైందనాలా, కాలేదనాలా? చెయ్యి అక్కడే ఉంది, పని మాత్రం పోలేదు. బస్సులో కూర్చుని, నడుము సీటుకి తగులుతోందో లేదో వెతుక్కున్నాను. నా స్టాపు వచ్చినా తేలలేదు.